మన కల్లులోకి గోలి ఎట్ల వచ్చింది?



ఇయ్యాల యూరియా ముచ్చట కాదు, మద్దతు ధర ముచ్చట కాదు. మన సంగారెడ్డి, పటాన్‌చెరు చుట్టుపక్కల ప్రతి ఊరికీ తెలిసినా ఎవరూ కూర్చొని మాట్లాడుకోని ఒక చరిత్ర చెప్తా. పోస్టు పొడుగుంటది. ఓపికతోని చివరిదాకా చదవండి. చివర్ల ఉన్న ముచ్చట మీ ఇంట్లనో, పక్కింట్లనో ఒక మనిషి పానం కాపాడొచ్చు.

మీ ఊర్ల రోజూ పొద్దుమీకి కల్లు దుకాణం కాడికి పోయేటోళ్లను చూస్తనే ఉంటరు. నాట్లేసి వచ్చిన అక్క ఉంటది, షిఫ్టు దిగి వచ్చిన తమ్ముడు ఉంటడు. ఒక్క రోజు కల్లు దొరకకపోతే వాళ్లకు చేతులు వణుకుతయి, చెమటలు పడతయి, రాత్రంతా నిద్ర రాదు. రెండు మూడు రోజులు దొరకకపోతే కొందరికి ఫిట్స్ వస్తయి, ఎవరో పిలుస్తున్నట్టు వినపడతది. మనం "తాగుబోతు" అని ఒక్క మాటల తేల్చేస్తం.

ఒక్కటి ఆలోచించండి. మన తాతలు, అమ్మమ్మలు గూడ కల్లు తాగినోళ్లే. పండుగకు తాగిన్రు, పెండ్లికి తాగిన్రు, చావుకు తాగిన్రు. చెట్టు సరిగ్గ పారని నెలలు వచ్చినప్పుడు ఊరంతా ఫిట్స్ వచ్చి దవాఖానలకు ఉరికిన్రని ఎప్పుడన్న విన్నరా? వినలేదు. మరి అదే కల్లు, అదే జనం అయితే ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

అదే కల్లు కాదు గనుక వచ్చింది. ఆ మార్పు ఎట్ల జరిగిందో మొదటి నుంచి చూద్దాం.

చెట్టు కాలం

మన మెదక్ సీమల తాటిచెట్లు, ఈతచెట్లు పొలం గట్ల మీద, చెరువు కట్టల మీద, వాగుల పొంటి తరతరాలుగా ఉన్నయి. గౌడన్న మోకు, ముస్తాదు కట్టుకొని చెట్టెక్కి, గీసి, లొట్టి కట్టి దిగుతడు. చెట్టు నుంచి కారేటప్పుడు అది తియ్యటి నీరా. నూటికి 10 నుంచి 15 పాళ్లు చక్కెర ఉంటది. లొట్టిల, గాలిల ఉండే ఈస్ట్ ఆ చక్కెరను కొన్ని గంటల్లోనే ఆల్కహాల్ చేస్తది. మామూలు కల్లులో ఆల్కహాల్ నూటికి 4, 5 పాళ్లు ఉంటది, అంటే బీరు లెక్క. ఒక దినం దాటితే పులిసిపోయి సిర్కా దారి పడతది.

ఇక్కడ రెండు గుణాలు గుర్తు పెట్టుకోండి. ఒకటి, కల్లు నిలువ ఉండదు. రెండు, చెట్టు ఎంత ఇస్తే అంతే, మనిషి అడిగినంత ఇయ్యదు. ఇవి తాగేటోనికి కళ్లెం లెక్క పనిచేసినయి. తర్వాత వందేండ్ల వ్యాపారమంతా ఈ రెండు కళ్లాలను తెంపుకునే కథనే.

ఇట్లంటే కల్లు అమృతం అని చెప్తున్న అనుకోకండి. ఆల్కహాల్ ఆల్కహాలే. ఎక్కువ తాగితే లివర్ పోతది, సంసారం పోతది. కానీ అది తెచ్చే రోగం వేరు, ఇప్పుడు మన ఊర్లల్ల కనపడే రోగం వేరు.

గుత్త కాలం

నిజాం రాజ్యంల కల్లు, సారా మీద వచ్చే ఆబ్కారీ ఆదాయం ఖజానాకు పెద్ద ఆదాయాల్లో ఒకటి. 1316 ఫస్లీల, అంటే 1907 ప్రాంతంల, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. చెట్టుకు ఇంత అని పన్ను. దుకాణాలు గుత్తకు. ఎక్కువ పాడినోనికి దుకాణం. చెట్టెక్కేది ఒకడు, లాభం లెక్క పెట్టుకునేది ఇంకొకడు. పట్టా పొలంల చెట్టు ఉన్నా రైతుకు దాని మీద చెల్లే మాట తక్కువే.

నిజాం పోయిండు, గుత్త పోలే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డంక 1968ల కొత్త ఎక్సైజ్ చట్టం వచ్చింది, వేలం పాటలు నడుస్తనే ఉన్నయి. తర్వాత గీత కార్మికులకు సొసైటీలు వచ్చినయి, చెట్టు గీసేటోనికే లైసెన్సు అన్నరు. అది మంచి పనే. కానీ చాలా తావుల సొసైటీ పేరు ముందుంటది, పైస పెట్టినోడు వెనుక ఉంటడు.

వేలం లెక్క మనకు కొత్తేం కాదు. కౌలు ఎక్కువ పెట్టి భూమి పట్టిన రైతు ఏం చేస్తడు? ఎట్లైనా దిగుబడి గుంజాలని మందు ఎక్కువ కొడతడు. కల్లు దుకాణం పాడుకున్నోడు గూడ గంతే. పాట పెరిగినకొద్దీ సీసాలు ఎక్కువ అమ్మాలె. చెట్టుకు మాత్రం వేలం పాట తెల్వదు, అది ఇచ్చేది అది ఇస్తది. మిగిలిన సీసాలు నీళ్లతోని నిండాలె. నీళ్లు పోస్తే తీపి పోతది, అందుకని శాకరిన్. నీళ్లు పోస్తే మత్తు పోతది. దానికేం కలపాలె? ఈ ప్రశ్నకు జవాబు చెట్టు దగ్గర లేదు, ఫ్యాక్టరీ దగ్గర ఉంది.

ఫ్యాక్టరీ కాలం

1961ల కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ అనే మందుల కంపెనీ పెట్టింది. దాని ఒక ప్లాంటు మన హైదరాబాద్ బాలానగర్‌కు వచ్చింది. మందు గోలీల ఉండే అసలు సరుకును, అంటే బల్క్ డ్రగ్‌ను, ఈడ తయారు చేయడం అక్కడి నుంచి ఊపందుకుంది. ఐడీపీఎల్‌ల పని నేర్చుకున్న ఇంజినీర్లు, కెమిస్టులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నరు. రామచంద్రాపురంల బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1972ల పటాన్‌చెరుల ఇక్రిశాట్ వచ్చింది. 1973ల ఏపీఐఐసీ ఏర్పడ్డది. మెదక్ వెనుకబడ్డ జిల్లా అని రాయితీలు ఇచ్చిన్రు. 1980ల ఇందిరాగాంధీ మెదక్ నుంచి ఎంపీగ గెలిచినంక పటాన్‌చెరు వైపు పరిశ్రమల రాక ఇంకా పెరిగింది.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, కాజిపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి... మనం జొన్న, కంది ఏసిన చెల్కలల్ల రియాక్టర్లు లేచినయి. దీంట్ల మంచి ఉంది, కాదనలేం. ప్రపంచమంతా చౌకగ మింగే ఎన్నో మందులు ఈ పట్టీల తయారైనయి. మన పిల్లలకు ఎంతోకొంత కొలువులు దొరికినయి. చెడు గూడ మనకు తెలిసిందే. నక్కవాగు రంగు మారింది, చెరువులు చచ్చినయి, బోర్లల్ల వాసన నీళ్లు వచ్చినయి. పటాన్‌చెరు డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటోళ్లు, మన రైతులు కలిసి రోడ్డెక్కిన్రు. ఆ కొట్లాట సుప్రీంకోర్టు దాకా పోయింది.

నీళ్ల సంగతి అందరం చూసినం. ఆ పక్కనే జరిగిన ఇంకో మార్పును ఎక్కువమంది చూడలే. భూములు ప్లాట్లు, ఫ్యాక్టరీలు అయినకొద్దీ గట్లు పోయినయి, గట్ల మీది తాళ్లు, ఈతలు పోయినయి. అదే టైంల తాగేటోళ్లు పెరిగిన్రు. 12 గంటల షిఫ్టులు చేసేటోళ్లు, బీహార్, ఒడిశా నుంచి వచ్చి ఇస్నాపూర్, పాశమైలారం కిరాయి రూముల్ల ఒంటరిగ ఉండేటోళ్లు, భూమి అమ్మిన పైసలు చేతిల ఉండి పని లేకుంట కూర్చున్న మన పోరగాండ్లు. చెట్లు తగ్గినయి, సీసాలు పెరిగినయి. చెట్లు తగ్గితే కల్లు ఎట్ల పెరుగుతది? ఈ లెక్క చిన్న పిల్లగానికి గూడ తెలుస్తది.

పొడి కాలం

మొదట వచ్చింది క్లోరల్ హైడ్రేట్. మన దగ్గర జనం "సీహెచ్" అంటరు, ఇంకొందరు "క్లోరోఫాం" అని తప్పు పేరుతోని పిలుస్తరు. దీన్ని 1832ల జర్మనీ శాస్త్రవేత్త లీబిగ్ తయారు చేసిండు. 1869ల లీబ్రైక్ అనే ఆయన నిద్రమందుగ వాడొచ్చని చెప్పిండు. మత్తు పానీయాల దీన్ని కలిపే దొంగ పని మన దగ్గరనే పుట్టిందనుకోకండి. 1903ల అమెరికా షికాగోల మిక్కీ ఫిన్ అనే సారా దుకాణదారు గిరాకీల గ్లాసుల మత్తుమందు కలిపి జేబులు కొట్టేస్తున్నడని దుకాణం మూయించిన్రు. ఇప్పటికీ ఇంగ్లీషోళ్లు మత్తు కలిపిన గ్లాసుకు ఆయన పేరే పెట్టి పిలుస్తరు.

ఇంకో ముచ్చట మన రైతులకు బాగా అర్థమైతది. క్లోరిన్, ఆల్కహాల్ కలిస్తే వచ్చే క్లోరల్ అనేదే ఒకప్పుడు మనం చల్లిన డీడీటీకి ముడిసరుకు. అంటే ఇది పురుగుమందుల, మందుల, రంగుల ఫ్యాక్టరీలల్ల తిరిగే రసాయనం. కెమికల్ ఫ్యాక్టరీలు పక్కనే ఉన్న తావుల అది సంచులల్ల దొరుకుడు కష్టం కాదు. 1980ల నాటికే తెలంగాణ కల్లుల ఇది మామూలైపోయింది.

తర్వాత డైజీపాం వచ్చింది. 1963ల రోష్ కంపెనీ దీన్ని మార్కెట్‌ల పెట్టింది. భయానికి, నిద్ర పట్టకపోవడానికి, ఫిట్స్‌కు డాక్టర్లు ఇచ్చే మంచి మందే. దాని జాతిదే అల్ప్రాజోలం. అమెరికాల అప్‌జాన్ కంపెనీది, 1981ల అనుమతి వచ్చింది. ఇయ్యాల మన కల్లుల ఎక్కువ పట్టుబడుతున్నది ఇదే.

ఒక మందు పోయి ఇంకో మందు ఎందుకొచ్చింది? లెక్క చూడండి. క్లోరల్ హైడ్రేట్‌తోని ఒక మనిషికి మత్తు రావాలంటే అర గ్రాము నుంచి గ్రాము కావాలె. అంటే కిలోకు వెయ్యి, రెండు వేల మందికి సరిపోతది. సంచులు మోయాలె, దాచాలె. పైగా ఘాటు వాసన, గొంతు మంట. అల్ప్రాజోలం గోలి మొదలయ్యేదే పావు మిల్లీగ్రాము కాడ. కిలో పొడి అంటే 40 లక్షల పావు మిల్లీగ్రాము గోలీలు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి సంగారెడ్డి జిల్లా జనం 15 లక్షల పైచిలుకు. ఒక్క కిలో పొడితోని చంటిపిల్లలతోని సహా జిల్లాల ప్రతి మనిషికి రెండు గోలీలు ఇచ్చినా ఇంకా మిగులుతది. పదిమందికి తెల్వకుంట స్కూటర్ డిక్కీల తీసుకపోయే సరుకు అది.

అల్ప్రాజోలం, డైజీపాం రెండూ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తయి. అల్ప్రాజోలం 100 గ్రాములు దాటితే వ్యాపార పరిమాణం కింద లెక్క. పదేండ్లకు తక్కువ కాకుంట జైలు, లక్షకు తక్కువ కాకుంట జుర్మానా. అయినా ఆగలే. మూతపడ్డ యూనిట్లు కిరాయికి తీసుకొని, ఊరి బయట కోళ్ల షెడ్లు తీసుకొని రాత్రిపూట తయారు చేస్తుంటే మన జిల్లాల పోలీసులు పట్టుకున్నరు. 2025 సెప్టెంబర్‌ల సికింద్రాబాద్ బోయిన్‌పల్లిల ఒక ప్రైవేటు బడి బిల్డింగ్‌లనే అల్ప్రాజోలం తయారు చేస్తుంటే పట్టుకున్నరు. కింద పిల్లలు చదువుకుంటున్నరు, పైన రియాక్టర్ నడుస్తున్నది. ఆ సరుకు పోయేది పాలమూరు వైపు కల్లు దుకాణాలకు.

అన్ని ఫ్యాక్టరీలు దొంగవి కావు, గౌడన్నలందరూ కలిపేటోళ్లు కారు. నిజాయితీగ గీసే గౌడన్నకు ఇది అందరికన్న పెద్ద దెబ్బ. పానం పణంగ పెట్టి చెట్టెక్కి తెచ్చిన లొట్టికి, ఇంట్ల కూర్చొని బకెట్‌ల పొడి కలిపినోని సీసాకు ఒక్కటే ధర పలికితే ఆయన బతికేదెట్ల?

సారా పోరాటం ఏం చెప్పింది?

మత్తు మీద మన తెలుగు నేల గెలిచిన కథ ఒకటి ఉంది. 1980లల్ల సర్కారే వారుణి వాహిని పేరుతోని సారాను ప్యాకెట్లల్ల ఊరూరా చేర్చింది. 1992ల నెల్లూరు జిల్లా దూబగుంటల వర్దినేని రోశమ్మ, ఆమెతోని అక్షరాలు నేర్చుకున్న ఆడోళ్లు సారా దుకాణం మూయించిన్రు. అది రాష్ట్రమంతా పాకింది. వేలం పాటలు జరగనియ్యలే. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ సర్కారు సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. ఆదాయం పోతుందని, దొంగసారా పెరిగిందని 1997ల చంద్రబాబు సర్కారు దాన్ని ఎత్తేసింది. సారా నిషేధం మాత్రం మిగిలింది.

ఈ కథల మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ ఆడోళ్లు తాగినోన్ని తిట్టి ఊరుకోలే, వేలం పాటను ఆపిన్రు. లాభం పుట్టే జాగను పట్టుకున్నరు. మన కల్తీ కల్లు కథల ఆ పని ఇంకా పూర్తి కాలే. దుకాణం మూస్తరు, తెరుస్తరు. 2004ల హైదరాబాద్‌ల కల్లు దుకాణాలు మూసేసిన్రు, 2014ల మళ్ల తెరిచిన్రు. తాగే మనిషికి ఏమైతుందో మాత్రం ఎవరూ అడగలే.

2015ల ఏమైంది?

2015 సెప్టెంబర్‌ల ఎక్సైజ్ వాళ్లు కల్తీ మీద గట్టిగ దాడులు చేసిన్రు. పొడి రాక తగ్గింది. దుకాణాలల్ల మత్తుమందు కలపని కల్లు, లేదంటే తక్కువ కలిపిన కల్లు వచ్చింది. మంచిదే కదా అనుకుంటం. కానీ నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాలల్ల వందల మంది వింతగ ప్రవర్తించుడు మొదలైంది. మన సంగారెడ్డి అప్పటికి మెదక్ జిల్లాలనే ఉండె. కొందరు తమలో తామే మాట్లాడుకున్నరు, కొందరు నాలుక కరుసుకొని పడిపోయిన్రు, కొందరు బావులల్ల దూకిన్రు. దవాఖానలల్ల మంచాలు సరిపోలే. ఎర్రగడ్డ మానసిక దవాఖాన ముందు లైన్లు కట్టిన్రు. చనిపోయినోళ్లు గూడ ఉన్నరు.

తెలంగాణకు అప్పుడు తెలిసింది, జనం బానిసైంది కల్లుకు కాదు, గోలికి అని. కల్లు దుకాణం తెరిచే ఉంది, కల్లు దొరుకుతనే ఉంది, అయినా మనుషులు పడిపోతున్నరు. తగ్గింది పొడి ఒక్కటే.

ఇక 2025 జులైల కూకట్‌పల్లి దిక్కు దీనికి తిరగబడ్డ కథ చూసినం. అక్కడ కల్తీ కల్లు తాగి పదుల మంది నిమ్స్‌ల, గాంధీల చేరిన్రు, కొందరికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చేయాల్సి వచ్చింది, పలువురు చనిపోయిన్రు. కలిపేటోనికి తూకం ఉండదు. ఎక్కువ పడితే ఒక చావు, ఒక్కసారిగ బందయితే ఇంకో చావు.

ఇది ఎందుకట్ల అయితది?

మెదడును ట్రాక్టర్ అనుకోండి. దానికి యాక్సిలరేటర్ ఉంది, బ్రేకు ఉంది. అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ మూడూ బ్రేకు తొక్కే మందులే. మొదట్ల మంచి నిద్ర, నొప్పి లేదు, బాధ లేదు. రోజూ ఎవరో బ్రేకు తొక్కుతుంటే మెదడు ఊరుకోదు. బండి నడవాలె గదా, అందుకని యాక్సిలరేటర్‌ను మెల్లగ పెంచుకుంటది. అప్పుడు పాత తూకం సరిపోదు. ఒక సీసా రెండు, రెండు నాలుగు అయితది. ఇట్ల నెలలు గడిచినంక ఒక్కసారిగ బ్రేకు మీంచి కాలు తీస్తే ఏమైతది? బండి గట్లెక్కి పల్టీ కొడతది. ఫిట్స్ అంటే అదే. అల్ప్రాజోలం ఒంట్ల సగం దిగిపోవడానికి దాదాపు 11 గంటలు పడతది. అందుకే రాత్రి తాగినోనికి తెల్లారేసరికి చేతులు వణుకుతయి.

ఇది ఒక్క మన ఊరి జనం బలహీనత కాదు. ఇంగ్లండ్‌ల డాక్టర్లే ఈ జాతి గోలీలు లక్షల మందికి, ఎక్కువగ ఆడోళ్లకు రాసిచ్చిన్రు. వాళ్లు గూడ మానలేక గిట్లనే అవస్థ పడ్డరు. న్యూకాజిల్‌ల హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసరమ్మ 1982 నుంచి 1994 దాకా ఇట్లాంటోళ్ల కోసమే ఒక క్లినిక్ నడిపింది. ఆమె చేసింది పెద్ద మంత్రం ఏం కాదు. తొందరగ దిగిపోయే గోలీని ఆపి, మెల్లగ దిగే డైజీపాం ఇచ్చి, దాన్ని కొద్దికొద్దిగ, వారాలు, నెలల మీద తగ్గించుకుంట పోయింది. చాలామంది పూర్తిగ మానేసి మంచిగ బతికిన్రు. అంటే దారి ఉంది, తొందర మాత్రం పనికిరాదు.

ఇక మనం ఏం చేయాలె?

ఒకటి. మీ ఇంట్ల ఎవరన్న నెలల తరబడి రోజూ కల్లు తాగుతుంటే, దేవుని మీద ఒట్టు పెట్టించి, మాల ఏయించి, ఇంట్ల గొళ్లెం పెట్టి ఒక్క దినంల మాన్పియ్యకండి. మీరు మంచికే చేస్తరు, పానం మీదికి వస్తది. ముందు డాక్టర్ దగ్గరికి తీసుకపోండి.

రెండు. డాక్టర్‌కు నిజం చెప్పండి. "కల్లు తాగుతడు" అంటే సరిపోదు. "ఫలానా కల్లు, రోజూ ఇన్ని సీసాలు, ఇన్నేండ్ల సంది, గోలి కలిపిందని అనుమానం" అని చెప్పండి. మందు దాన్ని బట్టే మారుతది. దుకాణంల కల్లు తాగినందుకు మీ మీద కేసు పెట్టరు. మత్తుకు బానిసైనోడు తనంత తాను చికిత్సకు వస్తే రక్షణ ఇచ్చే నిబంధన మాదకద్రవ్యాల చట్టంలనే ఉంది.

మూడు. మానేసిన రెండు మూడు రోజులల్ల వణుకు, చెమట, గుండెదడ, లేనిది కనపడుడు, మాట తడబడుడు ఉంటే ఆగకండి, 108కి ఫోన్ చేయండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పండబెట్టండి. నోట్ల నీళ్లు పోయొద్దు, చెంచా పెట్టొద్దు, చేతిల తాళంచెవులు పెట్టి టైం వేస్ట్ చేయొద్దు.

నాలుగు. మెడికల్ షాపుల గోలీలు కొని సొంత వైద్యం చేయకండి. అల్ప్రాజోలం, డైజీపాం 2014 సంది హెచ్1 జాబితాల ఉన్నయి. డాక్టర్ చీటీ లేకుంట అమ్మొద్దు, అమ్మితే రిజిస్టర్‌ల రాయాలె. చీటీ లేకుంట ఇచ్చేటోడు మీకు ఉపకారం చేస్తలేడు. ఆ గోలి మీద సారా, విస్కీ అస్సలు తాగొద్దు. రెండు బ్రేకులు ఒక్కసారి పడితే ఊపిరే ఆగుతది.

ఐదు. కోళ్ల షెడ్డు గానీ, బావికాడి రూము గానీ, మూతపడ్డ మిల్లు గానీ మామూలు కిరాయికి రెండింతలు ఇస్తనని ఎవడన్న వస్తే ఆలోచించండి. రాత్రిళ్లు డ్రమ్ములు దిగుడు, ఘాటు వాసన వచ్చుడు, కిటికీలకు కవర్లు కట్టుడు కనపడితే అనుమానం పడండి. తెలిసి జాగ ఇచ్చినోడు గూడ ఆ చట్టం కింద ముద్దాయే. సమాచారం ఇయ్యాలంటే రాష్ట్ర ఈగల్ విభాగం నంబర్ 1908 ఉంది. పత్తి సాళ్లల్ల, కంది సాళ్లల్ల నాలుగు గంజాయి మొక్కలు పెట్టుమని చెప్పేటోన్ని గూడ అట్లనే దూరం పెట్టండి.

ఆరు. నాట్లకు, కోతలకు వచ్చిన కూలోళ్లకు కల్లు పోయించే అలవాటు మనమే బంద్ చేయాలె. ఆ పైసలు కూలిల కలిపి ఇయ్యండి. అక్కలు ఎందుకు తాగుతరో అడిగితే చెప్తరు: నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, నిద్ర రాదు. ఆ నొప్పికి డాక్టర్ ఉండాలె, సీసా కాదు. పొద్దంతా వంగి నాటేసిన మనిషికి ఇంట్ల గంట సేపు నడుము వాల్చే సందు దొరికితే సగం సీసా దానంతట అదే తగ్గుతది.

నంబర్లు రాసి పెట్టుకోండి. మత్తు మానాలనుకునేటోళ్లకు 14446, పైస ఖర్చు లేదు. మనసు బాగలేకుంటే టెలీమానస్ 14416, తెలుగులనే మాట్లాడతరు. ఎర్రగడ్డ మానసిక దవాఖానల వైద్యం ఉంది. అక్కడికి పోతే పిచ్చోడంటరు అనే భయం వదిలెయ్యండి. షుగర్‌కు పోయినట్టే ఇది గూడ.

చివరగ ఒక్క మాట. నక్కవాగు నీళ్లు చెడిపోయినప్పుడు మనం వాగును తిట్టలే, నీళ్లు తాగిన బర్రెను తిట్టలే, విషం వదిలినోన్ని అడిగినం. కల్లు విషయంల మాత్రం వందేండ్ల సంది వదిలినోన్ని విడిచిపెట్టి తాగినోన్నే తిడుతున్నం. వచ్చే గ్రామసభల ఇది ఎత్తండి. దుకాణం కల్లు శాంపిల్ తీసి టెస్టు చేయించమని ఎక్సైజ్ ఆఫీసుకు ఊరి తరఫున దరఖాస్తు పెట్టండి, రసీదు తీసుకోండి. మీ మండలంల గోలి మాన్పించే వైద్యం ఏ దవాఖానల ఉందో, డాక్టర్ ఏ రోజు వస్తడో కనుక్కొని కామెంట్ల రాయండి, వేరే ఊరోళ్లకు పనికొస్తది.

మీ ఊరి గ్రూపుల ఈ పోస్టు పెట్టండి. ఫోన్ చూడరాని అక్కలకు, అమ్మలకు చదివి వినిపించండి.